లేని నాలుగో స్తంభం

ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌లో స్తంభాల అమరిక మారిస్తే దానికి పేటెంటు ఇవ్వవచ్చా?

విజయనగరం నుంచి పలాస వైపు వెళ్లే రైలు మార్గంలో గరివిడి ఉంటుంది. ఆ చుట్టుపక్కల గర్భాం, కోడూరు ప్రాంతాల నేలలో మాంగనీసు ఖనిజం ఉంది. 1955లో ఏర్పడిన ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్, అంటే జనం నోట ‘ఫేకర్’, ఇక్కడి శ్రీరామనగర్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. ఉక్కుకు గట్టిదనాన్నిచ్చే ఫెర్రోమాంగనీసు కావాలంటే ఖనిజాన్ని కోక్ బొగ్గుతో కలిపి విద్యుత్ కొలిమిలో కరిగించాలి. కొలిమిలోకి మూడు లావుపాటి కార్బన్ ఎలక్ట్రోడ్లు దిగి ఉంటాయి. టన్ను ఫెర్రోమాంగనీసుకు సుమారు 2,500 నుంచి 3,000 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. ఆ కరెంటు లైన్ల మీద వేల వోల్టులతో వస్తుంది. కొలిమికి కావలసింది వందో రెండు వందలో వోల్టులు. ఆంపియర్లు మాత్రం వేలకు వేలు. 10,000 కేవీఏ కొలిమిని 100 వోల్టుల మీద నడిపితే ఒక్కో ఫేజులో పారేది సుమారు 58,000 ఆంపియర్లు. అటు వోల్టులను ఇటు ఆంపియర్లుగా మార్చి ఇచ్చేది ట్రాన్స్‌ఫార్మర్.

మామూలు త్రీఫేజ్ ట్రాన్స్‌ఫార్మర్ ట్యాంకు మూత తీసి, నూనె తోడేసి చూస్తే లోపల మూడు నిలువు ఇనుప స్తంభాలు వరసగా కనిపిస్తాయి. ఒక్కో దానికి రాగి తీగ చుట్టి ఉంటుంది. పైనా కిందా అడ్డంగా రెండు ఇనుప దూలాలు ఆ మూడింటినీ కలుపుతాయి. పొలం గట్టున మోటార్లకు కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్‌లోనూ సాధారణంగా ఇదే అమరిక. కాస్త ఆలోచిస్తే ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. ఒక్క ఫేజుతో పనిచేసే ట్రాన్స్‌ఫార్మర్‌లో ఇనుము కిటికీ చట్రంలా ఉంటుంది: అయస్కాంత ప్రవాహం ఒక వైపు పైకి పోయి రెండో వైపు నుంచి కిందికి దిగుతుంది. అలాంటప్పుడు మూడు ఫేజులకు ఆరు స్తంభాలుండాలి, లేదా మూడింటి ప్రవాహాన్నీ వెనక్కి తెచ్చే ఉమ్మడి నాలుగో స్తంభమైనా ఉండాలి. ఆ నాలుగోది ఎక్కడా లేదు. దాన్ని తీసేసినవాళ్లు కొత్తదేదైనా కనిపెట్టినట్టా? స్తంభాలు తగ్గించడం, పెంచడం, జరపడం ఏ మేస్త్రీ అయినా చేయగల పని కాదా? బహుళ స్తంభాల కోర్‌ల మీద పేటెంటు కోరే ప్రతి దరఖాస్తులోనూ దాగిన ప్రశ్న ఇదే. దానికి జవాబు స్తంభాల లెక్కలో దొరకదనీ, ఒక స్తంభం పని మిగతావాటి పని మీద ఎలా ఆధారపడిందో చూస్తేనే దొరుకుతుందనీ ఈ వ్యాసం వాదన.

ఇనుములో పారేది ఏమిటి?

1831లో మైకేల్ ఫారడే ఒక ఇనుప కడియానికి రెండు వైపులా రెండు తీగలు చుట్టాడు. ఒక తీగలో కరెంటు పెట్టినప్పుడు, తీసినప్పుడు రెండో తీగలో క్షణకాలం కరెంటు పుట్టింది. రెండు తీగలూ ఒకదాన్నొకటి తాకలేదు. మధ్యలో పని చేసింది ఇనుములోని అయస్కాంత ప్రవాహం. పాఠ్యపుస్తకాల్లో దీన్ని అభివాహం అంటారు; వ్యవహారంలో అందరూ అనే ఫ్లక్స్ అన్న మాటే వాడుకుందాం. ఫ్లక్స్‌కు రెండు స్వభావాలున్నాయి. మొదటిది, అది ఎప్పుడూ బయలుదేరిన చోటికి తిరిగి రావాలి. దారి మధ్యలో ఆగిపోదు. రెండోది, దానికి గాలిలో ప్రయాణం బహు కష్టం, ఇనుములో సులువు. 1880ల మొదట్లో గోలార్, గిబ్స్ తయారుచేసిన పరికరాల్లో ఇనుము నిలువు కడ్డీలా ఉండేది. ఫ్లక్స్ గాలిలోంచి తిరిగి రావలసి వచ్చేది. 1885లో బుడాపెస్ట్‌లోని గాంజ్ కంపెనీ ఇంజినీర్లు జిపెర్నౌస్కీ, డేరీ, బ్లాతీ ఇనుప దారిని పూర్తిగా మూసి పేటెంటు తీసుకున్నారు. ఇనుము పాతదే, తీగ పాతదే. ఫ్లక్స్ తిరిగొచ్చే దారి మాత్రం కొత్తది. ట్రాన్స్‌ఫార్మర్ చరిత్రలో ముఖ్యమైన ముందడుగులు చాలావరకు ఆ దారిని దిద్దినవే.

దారి మూస్తే చాలదు, దాని మందం కూడా సరిపోవాలి. ఇనుము మోయగల ఫ్లక్స్‌కు ఒక హద్దు ఉంది. హద్దు దాటితే ఇనుము అదనపు ఫ్లక్స్‌ను సులువుగా పారనివ్వదు, తీగ ఊరికే కరెంటు పీల్చడం మొదలుపెడుతుంది. పైగా ఫ్లక్స్ సెకనుకు 50 సార్లు అటూ ఇటూ తిరగబడుతుంటే ప్రతి కిలో ఇనుమూ కొంత కరెంటును వేడిగా మార్చేస్తుంది. అందుకే కోర్‌ను ఒకే దిమ్మెగా పోత పోయరు. 0.23 నుంచి 0.35 మిల్లీమీటర్ల మందం ఉన్న సిలికాన్ ఉక్కు రేకులను ఒకదానిమీద ఒకటి పేర్చి కడతారు. ఇనుము ఎక్కువైతే నష్టం ఎక్కువ, ఖరీదు ఎక్కువ, బరువు ఎక్కువ. కాబట్టి ఒక స్తంభాన్ని తీసేయగలిగితే లాభమే. అయితే దాన్ని తీసేసినా ఫ్లక్స్‌కు తిరుగుదారి మిగలాలి.

ముగ్గురూ కలిస్తే మిగిలేది సున్నా

మూడు ఫేజులు ఒకేసారి ఎగసిపడవు. ఒకదాని తరవాత ఒకటి, సమానమైన ఎడంతో వస్తాయి. ఒక క్షణాన్ని ఆపి చూద్దాం. మొదటి స్తంభంలో ఫ్లక్స్ 100 పాళ్లు పైకి పోతున్నప్పుడు రెండో స్తంభంలో 50, మూడో స్తంభంలో 50 పాళ్లు కిందికి దిగుతుంటాయి. కాసేపటికి మొదటిదాంట్లో 87 పైకి, రెండోదాంట్లో సున్నా, మూడోదాంట్లో 87 కిందికి. ఇంకో క్షణం తీసుకున్నా అంతే. పైకి పోయిందీ కిందికి దిగిందీ ఎప్పుడూ సమానం. ముగ్గురు అన్నదమ్ములు ఉన్నారనుకోండి. ఒకడు ఎంత అప్పిస్తే మిగతా ఇద్దరూ కలిసి అప్పుడే అంతా పుచ్చుకుంటున్నారు. ఆ ఇంటికి బయట షావుకారు అక్కర్లేదు. ఇనుములోనూ అంతే. ఒక్కో స్తంభానికీ మిగతా రెండే తిరుగుదారి, నాలుగో దారికి పని లేదు. ఈ మూడు స్తంభాల ట్రాన్స్‌ఫార్మర్‌కు రూపమిచ్చి, 1889 నుంచి 1891 మధ్యకాలంలో పేటెంట్లు తీసుకున్నవాడు మిఖాయిల్ దొలీవో-దొబ్రోవోల్‌స్కీ. 1891లో జర్మనీలోని లాఫెన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ దాకా 175 కిలోమీటర్లు త్రీఫేజ్ కరెంటు పంపి చూపించిన ప్రయత్నంలోనూ ఆయన ముఖ్యుడు.

ఇందులో మనకు పనికొచ్చే పాఠం ఒకటుంది. మూడు స్తంభాల కోర్‌లో ఏ స్తంభాన్నీ విడిగా అర్థం చేసుకోలేం. ఒకదాన్ని కోసి పక్కన పెడితే దాని తిరుగుదారి తెగిపోతుంది, మిగిలిన రెండింటి లెక్కా తప్పుతుంది. చూపుకు మూడు ఒకేలాంటి ముక్కలు, పనిలో ఒకే వస్తువు. ఒక అమరికకు పేటెంటు ఇవ్వాలా వద్దా అన్నప్పుడు మన దేశపు చట్టం వెతికేదీ ఇలాంటి ముడినే.

▣ పెట్టె 1: నాలుగు మాటలు

కోర్: ఫ్లక్స్ పారే ఇనుప దారి మొత్తం. చిన్న పరికరాల్లో ఇనుప రేకులకు బదులు ఫెరైట్ అనే నల్లటి పింగాణీ లాంటి పదార్థం వాడతారు.
లింబ్: తీగ చుట్టే నిలువు స్తంభం.
యోక్: స్తంభాలను పైనా కిందా కలిపే అడ్డ దూలం.
వైండింగ్: స్తంభం చుట్టూ తిరిగే తీగ. కరెంటు వచ్చే వైపుది ప్రైమరీ, పోయే వైపుది సెకండరీ.

చట్టం ఏమి అడుగుతుంది?

1970 నాటి మన పేటెంట్ల చట్టం ఆవిష్కరణను మూడు జల్లెళ్లలో పోస్తుంది. అది కొత్తది కావాలి. పరిశ్రమలో వాడదగినది కావాలి. ఆ రంగంలో ఆరితేరిన మనిషికి ఇట్టే తట్టనిది కావాలి. మూడో జల్లెడను సెక్షన్ 2(1)(జేఏ) వివరిస్తుంది: తెలిసిన జ్ఞానంతో పోలిస్తే సాంకేతికంగా ముందడుగైనా ఉండాలి, ఆర్థిక ప్రాధాన్యమైనా ఉండాలి, ఆపైన నిపుణుడికి అది సహజంగా తోచేది కాకూడదు. వీటిని దాటినా, ఆవిష్కరణలుగా లెక్కించని వాటి జాబితా సెక్షన్ 3లో ఉంది. అందులో ట్రాన్స్‌ఫార్మర్ వాళ్లకు రెండు క్లాజులు ముఖ్యం. 3(సి) ప్రకారం ప్రకృతి సూత్రాన్ని కనుగొన్నంత మాత్రాన పేటెంటు రాదు. 3(ఎఫ్) ప్రకారం, తెలిసిన పరికరాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, తెలిసిన పద్ధతిలోనే విడివిడిగా పనిచేస్తుంటే, వాటిని ఊరికే పేర్చడం, మార్చి పేర్చడం, రెట్టింపు చేయడం ఆవిష్కరణ కాదు. ఈ క్లాజును చాలామంది ‘అమరికకు పేటెంటు లేదు’ అని చదివేస్తారు. అది సగం చదువు. చట్టం అడ్డు చెప్పింది విడివిడిగా పనిచేసేవాటి అమరికకు మాత్రమే.

పాతవాటి కలయికకు ఎంత విలువ ఇవ్వాలో సుప్రీంకోర్టు 1978లో బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ కేసులో చెప్పింది. అక్కడి వివాదం లోహపు గిన్నెలను లేత్ మీద తిప్పేటప్పుడు కదలకుండా పట్టి ఉంచే సాధనం గురించి. తెలిసిన వస్తువుల కలయికకు పేటెంటు కావాలంటే అది వర్క్‌షాపులో జరిగే మామూలు మెరుగుదలకు మించినదై ఉండాలనీ, కొత్త ఫలితాన్నో, కొత్త వస్తువునో, పాతదానికంటే మెరుగైన లేదా చవకైన వస్తువునో ఇవ్వాలనీ కోర్టు వివరించింది. ఆ కొలతకు నిలవక ఆ పేటెంటు రద్దయింది. ఈ తీర్పును పక్కన పెట్టుకుని సెక్షన్ 3(ఎఫ్) చదివితే కోర్‌ల విషయంలో అడగవలసిన ప్రశ్నలు రెండే. స్తంభాలు, వైండింగులు ఒకదాని పనిని ఒకటి మారుస్తున్నాయా? ఆ మార్పు వల్ల నిపుణుడు ముందే ఊహించని ఫలితం వచ్చిందా?

ఆ ప్రశ్నలతో నాలుగు కోర్‌లను తూచి చూద్దాం

మొదటిది, మూడు సింగిల్ ఫేజ్ ట్రాన్స్‌ఫార్మర్లు. పెద్ద ఫెర్రో అల్లాయ్ కొలుములకు ఒక్క త్రీఫేజ్ యూనిట్‌కు బదులు మూడు విడి ట్రాన్స్‌ఫార్మర్లను కొలిమి చుట్టూ సమానమైన ఎడంతో నిలబెట్టే పద్ధతి ఉంది. వేల ఆంపియర్లు మోసే రాగి దారులు అలా పొట్టివవుతాయి, మూడూ ఒకే పొడవుంటాయి. మేలైన పద్ధతే. కానీ అయస్కాంత పరంగా ఏ ట్రాన్స్‌ఫార్మర్ ఫ్లక్స్ దానిదే. పక్కదాని ఇనుముతో పని లేదు. ఈ మూడింటినీ ఒకే ట్యాంకులో పెట్టి ‘మూడు కోర్‌ల కొత్త ట్రాన్స్‌ఫార్మర్’ అని దరఖాస్తు పెడితే అది 3(ఎఫ్) చెప్పే పేర్పు కిందికే వస్తుంది. రాగి దారుల అమరికలో కొత్త కిటుకు ఉంటే దాన్ని అడగాలి. అప్పుడు ఆవిష్కరణ కోర్‌ది కాదు, రాగి దారులది అవుతుంది.

రెండోది, అయిదు స్తంభాల కోర్. మూడు స్తంభాలకు అటొకటి ఇటొకటి తీగ లేని స్తంభాలు చేర్చుతారు. ఉన్నదాన్నే పెంచినట్టు కనిపిస్తుంది. జరిగేది వేరు. మధ్య స్తంభాల ఫ్లక్స్‌లో కొంత ఈ పక్క దారుల్లోకి మళ్లుతుంది, అందుకని పైనా కిందా ఉండే యోక్ మందం బాగా తగ్గించవచ్చు. యోక్ తగ్గితే మొత్తం ఎత్తు తగ్గుతుంది. భారీ ట్రాన్స్‌ఫార్మర్ రైలు వంతెనల కిందనుంచి పోగలుగుతుంది. చేర్చిన స్తంభం పాత స్తంభాల దారిని మార్చింది కాబట్టి ఇది విడివిడి పనుల పేర్పు కాదు. ఇవాళ ఇది పాత సంగతి కనుక కొత్తగా పేటెంటు రాదు. మొదటిసారి తలచినప్పుడు మాత్రం ఆవిష్కరణే.

మూడోది, ముక్కోణపు కోర్. ఒకే వరసలో నిలబడ్డ మూడు స్తంభాల్లో మధ్యదానికి ఫ్లక్స్ దారి పొట్టి, చివరి రెండింటికీ పొడవు. దానివల్ల భారం లేనప్పుడు మూడు ఫేజులూ తీసుకునే ఖాళీ కరెంటు సమంగా ఉండదు. స్తంభాలను ముక్కోణపు మూలల్లో నిలబెడితే ఈ తేడా పోతుంది. ఈ ఆలోచన త్రీఫేజ్ తొలినాళ్లలోనే ఉంది. తయారీ సులువు కోసం పరిశ్రమ వరస అమరికకు వెళ్లింది. కాబట్టి ‘ముక్కోణపు కోర్’ అని ఇవాళ ఎవరూ హక్కు అడగలేరు. కానీ సన్నటి రేకుపట్టీని ఏ వాలుతో కోసి, ఎలా చుట్టి, ఎలా అతికితే ముక్కోణం గట్టిగా, తక్కువ వృథాతో తయారవుతుందో కనిపెట్టినవారికి హక్కు అడిగే దారి ఉంది. ఆలోచన పాతదైనా దాన్ని సాధించే తీరు కొత్తది కావచ్చు.

నాలుగోది, ఇవాళ పేటెంటు పోటీ ఎక్కువగా ఉన్న చోటు: కంప్యూటర్ సర్వర్లు, ఎలక్ట్రిక్ వాహనాలు, సోలార్ పరికరాల్లోని చిన్న ఫెరైట్ కోర్‌లు. ఒక పలక మీద నాలుగు పొట్టి స్తంభాలను చతురస్రంగా నిలిపి, తీగలకు బదులు సర్క్యూట్ బోర్డు మీద అచ్చువేసిన రాగి చారలను వైండింగుగా వాడతారు. పక్కపక్క స్తంభాల్లో ఫ్లక్స్ ఒకటి పైకి, ఒకటి కిందికి పోయేలా చారల దిశను తిప్పుతారు. అప్పుడు ఒక స్తంభంలోంచి వచ్చిన ఫ్లక్స్ రెండుగా చీలి ఇరుగుపొరుగు స్తంభాల్లోకి దిగుతుంది. పలకలో ఒక్కో దారి మోసేది సగమే; పలకను పలచన చేయవచ్చు. ప్రైమరీ ఒకే తీగగా నాలుగు స్తంభాలనూ వరసగా చుట్టివస్తుంది కాబట్టి అన్నిటిలోనూ ఒకే కరెంటు; అందుకే విడివిడి సెకండరీలు భారాన్ని సమంగా పంచుకుంటాయి. ఇక్కడ కోర్ ఒక్కటే ముడి వేయలేదు, వైండింగూ వేసింది. ఇలాంటి వాటిలో నిజమైన కొత్తదనం ఉంటే అది సాధారణంగా ఆ రెండింటి పొందికలోనే ఉంటుంది. అదే ఫలితంతో నాలుగు స్తంభాలను ఆరు చేసి ఊరుకుంటే అది వర్క్‌షాపు మెరుగుదల. ఆరోది వచ్చాక ఫ్లక్స్ మరో తీరుగా చీలి, నిపుణుడు ఊహించని లాభం తెస్తే మళ్లీ ఆలోచించాలి.

▣ పెట్టె 2: ‘డిజైన్’ అంటే రెండు అర్థాలు

ఇంజినీరు డిజైన్ అంటే పనిచేసే నిర్మాణం. 2000 నాటి డిజైన్ల చట్టం దృష్టిలో డిజైన్ అంటే కంటికి ఆనే ఆకారం, అలంకారం. నిర్మాణ సూత్రాన్నీ, కేవలం యాంత్రిక సాధనాన్నీ ఆ చట్టం కాపాడదు. ట్రాన్స్‌ఫార్మర్ బయటి పెట్టె అందానికి డిజైన్ నమోదు చేయించవచ్చు. పదేళ్లు ఉంటుంది, మరో అయిదేళ్లు పొడిగించుకోవచ్చు. లోపలి స్తంభాల పనితీరుకు దారి పేటెంటు ఒక్కటే. దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. చైనా, జర్మనీల్లో చిన్న మెరుగుదలలకు యుటిలిటీ మోడల్ అనే తేలికపాటి హక్కు ఉంది. మన దేశంలో అది లేదు.

అభ్యంతరాలు, జవాబులు

ఫ్లక్స్ మొత్తం సున్నా కావడం ప్రకృతి నియమం, దాన్ని ఒకరి సొత్తు ఎలా చేస్తారని అడగవచ్చు. చేయకూడదు, 3(సి) ఉన్నది అందుకే. ‘మూడు ఫ్లక్స్‌లు కలిస్తే సున్నా’ అన్న మాట ఎవరి సొత్తూ కాదు. ఆ నియమాన్ని వాడుకుని ఇనుమును ఫలానా తీరుగా మలిచిన వస్తువు మాత్రం మనిషి చేసినదే. నీళ్లు పల్లానికి పారతాయన్నది ప్రకృతి; ఏ చేనికి ఎంత పారాలో తేల్చే తూము మనిషి తెలివి. హక్కు తూముకే దక్కాలి. నియమం పేరు చెప్పి ప్రతి నిర్మాణాన్నీ తోసిపుచ్చితే ఏ యంత్రానికీ పేటెంటు మిగలదు, ఎందుకంటే యంత్రాలన్నీ ప్రకృతి నియమాలతోనే నడుస్తాయి.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది: మూడు ఫేజులు తెలిసినవాడికి నాలుగో స్తంభం అక్కర్లేదని తట్టదా? జవాబు విన్నాక ప్రతి పొడుపుకథా తేలికే. ఆవిష్కరణను చూశాక వెనక్కి తిరిగి ‘ఇది మామూలే’ అనడం పరిశీలకులు తరచూ పడే గోతి. దానికి విరుగుడు సాక్ష్యం. దరఖాస్తు తేదీ నాటికి ఉన్న పుస్తకాలు, పత్రాలు, పాత పేటెంట్లు నిపుణుణ్ని ఆ దారికి నడిపించాయా, దూరం పెట్టాయా చూడాలి. రెండు పాత పత్రాలను పక్కపక్కన పెట్టి ‘ఇందులో స్తంభాలున్నాయి, అందులో వైండింగు ఉంది’ అంటే సరిపోదు. వాటిని ఈ తీరుగా కలపడానికి ఆ నిపుణుడికి కారణం ఏముందో చెప్పగలగాలి. అలా చెప్పగలిగితే పేటెంటు నిరాకరించడమే న్యాయం.

మూడోది మన ప్రాంతానికి దగ్గరది. పెద్ద కంపెనీలు ప్రతి అమరిక మీదా హక్కు పట్టేస్తే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ తయారీదార్లు, పరిశోధన చేసే కాలేజీలు ఏమైపోవాలి? ఈ భయం న్యాయమైనదే. మందు చట్టంలోనే ఉంది, వాడుకోవాలి. దరఖాస్తు సాధారణంగా 18 నెలల తరవాత అందరికీ తెరుచుకుంటుంది. ప్రచురించాక, పేటెంటు ఇచ్చేలోగా, ఎవరైనా సెక్షన్ 25 కింద అభ్యంతరం పెట్టవచ్చు. ‘ఒకటికి మించిన స్తంభాలు గల కోర్’ అని వలలా పరిచిన క్లెయిమును, అంటే హక్కు కోరే వాక్యాన్ని, 1891 నాటి సంగతులతోనే కొట్టేయవచ్చు. స్తంభాల మధ్య సంబంధమే కొలమానమైతే ఇలాంటి వలలు చిరిగిపోతాయి. నిజంగా కొత్త ముడి వేసినవాడికి తన ముడి మేరకే హక్కు దక్కుతుంది. అందువల్ల ఈ కొలమానం పెద్దవాళ్ల పక్షం కాదు. హక్కు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో చెప్పే గట్టు అది.

కొత్త కోర్ గీసేవారికి

ఉత్తరాంధ్రలో ఇంజినీరింగ్ కాలేజీలు ఉన్నాయి, కరెంటుతో బతికే కర్మాగారాలు ఉన్నాయి. ఈ రెండూ కలిసే చోట కొత్త కోర్ ఒకటి పుడితే ముందు చేయవలసింది నోరు కట్టుకోవడం. సెమినార్లో చెప్పినా, పత్రికలో వేసినా, కొన్ని మినహాయింపులు తప్ప కొత్తదనం పోయినట్టే. ముందుగా తాత్కాలిక వివరణ దాఖలు చేస్తే తేదీ ఖాయమవుతుంది. పూర్తి వివరణకు 12 నెలల గడువుంటుంది. ఆంధ్రప్రదేశ్ దరఖాస్తులు చెన్నై పేటెంటు కార్యాలయం పరిధిలోకి వస్తాయి. వ్యక్తులకు, స్టార్టప్‌లకు, విద్యాసంస్థలకు ఫీజులో రాయితీ ఉంది. అసలు శ్రమ క్లెయిము రాయడంలో ఉంది. స్తంభాలు ఎన్నో చెప్పి ఆపకూడదు. ఏ వైండింగు ఏ స్తంభం చుట్టూ ఏ దిశలో తిరుగుతుందో, దానివల్ల ఫ్లక్స్ ఎక్కడ కలుస్తుందో, ఎక్కడ రద్దవుతుందో రాయాలి. అదే బరువున్న పాత కోర్‌తో పోల్చి నష్టం, వేడి, ఖాళీ కరెంటు ఎంత తగ్గాయో కొలిచి చూపాలి. ఒక స్తంభాన్ని తీసేస్తే మిగతావాటి పని ఎలా చెడుతుందో కూడా చూపగలిగితే 3(ఎఫ్) అభ్యంతరానికి అంతకంటే గట్టి జవాబు లేదు.

ఇదంతా కాగితాల గొడవగా తోచవచ్చు. కొలిమి దగ్గరికి వెళ్లి లెక్క వేస్తే అలా అనిపించదు. రాత్రీ పగలూ 10,000 కిలోవాట్లు తాగే కొలిమికి సరఫరా దారిలో ఒక్క శాతం నష్టం తగ్గితే రోజుకు 2,400 యూనిట్లు మిగులుతాయి. కరెంటు బిల్లే బతుకూ చావూ తేల్చే ఫెర్రో అల్లాయ్ పరిశ్రమకు అది చిన్న మొత్తం కాదు. అలాంటి పొదుపు తెచ్చే కొత్త కోర్ రేపు ఎవరి చేతిలోనైనా పుట్టవచ్చు. దాన్ని పరీక్షించే అధికారి ఎన్ని స్తంభాలున్నాయో లెక్కపెట్టి కూర్చుంటే అందులోని తెలివి ఆయనకు కనపడదు. దొలీవో-దొబ్రోవోల్‌స్కీ కోర్‌లోనూ లెక్కకు ఉన్నవి మూడు ఇనుప స్తంభాలే. ఆయన కనిపెట్టినది అక్కడ లేని నాలుగోది. మిగిలిన మూడూ ఒకదానికొకటి తిరుగుదారి అయ్యాయి కాబట్టే దాని అవసరం తీరిపోయింది.